అడ్డుగోడల్లేని పోగులు

ఆగస్టు 4, సోమవారం

కాలేజీ వెనక ఊక కుప్ప మీద ఫ్యూలిగో అనే జిగురు బూజు వచ్చింది. పసుప్పచ్చగా, నురగ నురగగా, చేటంత మేర పరుచుకుంది. సెకండియర్ పిల్లల్ని తీసుకెళ్ళి చూపిద్దామనుకునేలోపే రూతమ్మ దాని మీద ఫినాయిల్ గుమ్మరించేసింది.

"కుక్కేదో కక్కుందండి. దగ్గరికి రాకండి మేడమ్, కాలికి అంటుద్ది" అంది. ఊడ్చేది తనే కాబట్టి ఏమీ అనలేకపోయాను.

అనాల్సింది తాతారావు గారిని. మా బోటనీకి హెడ్డు, వచ్చే మార్చిలో రిటైరవుతారు. కిటికీలోంచి తొంగి చూసి "ఏముందండీ, ఫంగస్సే కదా" అన్నారు. అది పాకుతుంది. బాక్టీరియాని మింగుతుంది. నోరు లేదు గాని ఆకలి ఉంది. ఫంగస్ ఎక్కడైనా మింగుతుందా? ఉన్న చోటనే రసాలు వదిలి, కరిగించి, పీల్చుకుంటుంది. ఈ మాటే చెబితే నవ్వి "మీకు ఓపిక ఎక్కువమ్మా" అన్నారు. ఆ నవ్వు కన్నా ఫ్యూలిగో ఎంతో నయం.

సాయంత్రం మా ఆయన దుర్గేష్ చేపల చెరువు నుంచి ఒక కన్ను మూసుకుని వచ్చాడు. పడవలో వెళ్ళి మేత తవుడు సంచులు కర్రలకి కడుతుంటే గాలి తిరిగి కంట్లో పడిందట. మరి ఏం చేశారండీ అంటే, చెరువు నీళ్ళే దోసిట్లోకి తీసుకుని కడుక్కున్నాను అన్నాడు. కోళ్ళ పెంట వేసి చేపల్ని పెంచే నీళ్ళు! కొల్లేటి వైపు చెరువుల్లో అందరూ అంతేనట, ముఖం కడగడం, నోరు పుక్కిలించడం అన్నీ ఆ నీళ్ళతోనేనట. వినలేక లోపలికి వచ్చేశాను.

నా ప్రాక్టికల్స్‌కి మాత్రం అవే నీళ్ళు సీసాలో పట్టి తెచ్చాడు. ఏటా నేనే అడుగుతాను.


ఆగస్టు 6, బుధవారం

కన్ను ఎర్రబడింది. అత్తయ్య నందివర్ధనం పూలు గ్లాసులో నానబెట్టి కంట్లో పిండారు. గ్లాసు నీళ్ళు పెరట్లో డ్రమ్ములోవి. డ్రమ్ము లోపల గోడకి వేలేస్తే జారుతుంది.

"చలవ చేస్తాదమ్మా. మా నాన్నగారికి కూడా ఇదే పిండేవాళ్ళం" అన్నారు.

"డాక్టరుకి చూపిద్దామండీ" అన్నాను దుర్గేష్‌తో.

"తవుడు పడితే డాక్టరెందుకు ఇందూ, రెండ్రోజుల్లో అదే పోద్ది."

నేను రెట్టించలేదు. ఆ కంటి కొసన పుసి ఎండి రెప్పలకి అట్ట కట్టింది, దాని వంక చూస్తూ మాట్లాడాలంటే కంపరం. గోడ వంక చూస్తూ మాట్లాడాను.


ఆగస్టు 7, గురువారం

ఈ రోజు ఒక్కటే బాగుంది. సోమవారం ఆ చెరువు నీళ్ళలో ఉడకబెట్టిన నువ్వులు వేసి ఉంచాను. ఇవాళ్టికి నువ్వు గింజల చుట్టూ తెల్లటి నూగు లేచింది. మైక్రోస్కోపు కింద పెడితే సాప్రోలెగ్నియా, పక్కనే పిథియం కూడా. పొడవాటి పోగులు, గాజు గొట్టాల్లా ఖాళీగా, ఎక్కడా అడ్డుగోడల్లేకుండా. ఒక గొట్టం కొస ఉబ్బింది, చూస్తుండగానే విచ్చుకుంది. లోపలి నుంచి బీజాలు ఈదుకుంటూ బయటికొచ్చాయి. పిల్లలు ఒకరినొకరు తోసుకుని చూశారు. వెనక బెంచీ వాళ్ళు కూడా వచ్చారు.

ఇవి చూడ్డానికి బూజులాగే ఉంటాయి, బూజు చేసే పనే చేస్తాయి. ఫంగస్ మాత్రం కాదు. గోడలో సెల్యులోజ్ ఉంటుంది, ఈదే బీజాలుంటాయి. చుట్టరికం చూస్తే సముద్రపు నాచుకి దగ్గర. ఈ మాట నేను చెప్పేటప్పుడు నా గొంతు మారిపోతుందని శ్రావణి అనే పిల్ల ఒకసారి చెప్పింది.

మైక్రోస్కోపు కింద నాకు ఏదీ అసహ్యంగా ఉండదు. కళ్ళెత్తితేనే వస్తుంది ఖర్మ.


ఆగస్టు 9, శనివారం

కన్ను తెరవలేకపోతుంటే ఏలూరు తీసుకెళ్ళాం. దుర్గేష్‌తో చెరువులో వాటా ఉన్న ఏసుకుమార్ కారు తెచ్చాడు. డాక్టర్ సత్యానందం గారు యంత్రం మీద దుర్గేష్ గడ్డం పెట్టించి చాలాసేపు చూశారు. నల్లగుడ్డు మీద పుండు పడిందట. దాని మీద గీకి, ఆ గీకింది లాబ్‌కి పంపారు. గీకుతున్నప్పుడు నేను బయటికి వెళ్ళిపోయాను. ఎవరికో ఫోన్ చేయాలని చెప్పాను. ఎవరికీ చేయలేదు.

"పోగులు కనిపించాయండీ. ఫంగస్ ఇన్ఫెక్షన్. ఈ సీజన్‌లో మీ చెరువుల వైపు నుంచి, వరి చేల వైపు నుంచి చాలామంది వస్తారు" అన్నారు డాక్టరు గారు. చుక్కల మందు రాశారు, గంటకోసారి వేయాలి.

ఫంగస్ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఫంగస్ నాకు తెలిసిందే కదా. ఏ మందుకి లొంగుతుందో కూడా తెలుసు. కారులో అత్తయ్యకి ఫోన్ చేసి భయం లేదని చెప్పాను.


ఆగస్టు 11, సోమవారం

చుక్కలు వేయడం నా పని అయింది. అత్తయ్య చేతులు వణుకుతాయి.

ఆ మందు సున్నపు నీళ్ళలా తెల్లగా ఉంటుంది. వేసిన కాసేపటికి రెప్పల అంచుల్లో పేరుకుంటుంది, పుసితో కలిసి పెరుగు తరకలా సాగుతుంది. దూదితో తుడిస్తే దూదికి అంటుకుని కొంత, చెంప మీద కొంత. ఒక వాసన కూడా ఉంది. చేపల వాసన ఆయన ఒంటి మీద ఎప్పుడూ ఉండేదే, ఇది వేరు. తియ్యగా ఉంది. చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగినా అన్నం కలిపేటప్పుడు వస్తోంది.

చుక్క వేసేటప్పుడు కంటి వంక చూడను. పైరెప్ప వెంట్రుకల మీద చూపు పెట్టి అంచనాగా వదులుతాను. దుర్గేష్‌కి తెలియదు.


ఆగస్టు 13, బుధవారం

తగ్గుతోంది.


ఆగస్టు 15, శుక్రవారం

జెండా వందనం నుంచి వచ్చేసరికి ఇంటినిండా చుట్టాలు. దుర్గేష్ మేనమామ బాపిరాజు గారు భీమడోలు నుంచి యాపిల్ పళ్ళతో దిగారు. వచ్చిన వాళ్ళందరికీ నల్ల కళ్ళద్దాలు తీయించి చూడాలి. చూసి "అబ్బబ్బబ్బ" అనాలి. అని, మళ్ళీ పెట్టుకోమని, కాఫీ తాగాలి. బాపిరాజు గారు తీరిగ్గా వంగి చూశారు, పళ్ళ సందులో జీడిపప్పు ముక్కతో సహా. "మధ్యలో తెల్లగా చిక్కుడు గింజంత ఉందేంట్రా" అన్నారు.

చిక్కుడు గింజంతా? డాక్టరు గారు మొదట్లో ఆవగింజంత అన్నారు. బాపిరాజు గారికి అన్నీ ఎక్కువ చేసి చెప్పడం అలవాటు.

వీళ్ళకి అసహ్యం ఎందుకు వేయదు? లేక వేసినా అది వాళ్ళకి ఇష్టమా?


ఆగస్టు 18, సోమవారం

ఇంటర్నల్ పరీక్షకి తాతారావు గారు పేపర్ తయారు చేశారు. మూడో ప్రశ్న: పిథియం ఏ తరగతికి చెందిన ఫంగస్? జవాబు ఫైకోమైసిటీస్ అట. ఆ తరగతే ఇప్పుడు లేదు. అది ఒక పాత గోనెసంచి, పోల్చుకోలేని వాటినన్నిటినీ అందులో కుక్కారు. సాప్రోలెగ్నియా, ఆల్బుగో, ప్లాస్మోడియోఫోరా, అన్నీ అందులోనే. నేను పిల్లలకి క్లాసులో అది ఫంగస్ కాదని నేర్పి, పరీక్షలో ఫంగస్ అని రాయించాలా?

ఎర్ర ఇంకుతో కొట్టేశాను. ఆయన నా ముందే దిద్ది మళ్ళీ రాశారు. "గైడ్‌లో ఉన్నదే అడుగుదామమ్మా" అన్నారు మెత్తగా. ఆయన మెత్తదనం నాకు పడదు. జిగురులా ఉంటుంది, చెయ్యి విదిలించినా పోదు.

దుర్గేష్‌కి రాత్రి నిద్ర లేదు. నొప్పి చెవి దాకా లాగుతోందట.


ఆగస్టు 19, మంగళవారం

ఏలూరు వెళ్ళొచ్చాం. డాక్టరు గారు ముఖం అదోలా పెట్టారు. చుక్కలు సరిపోవడం లేదట. అవి అరగంటకోసారికి పెంచి, ఇంకో రకం చుక్కలు కలిపి, మాత్రలు కూడా ఇచ్చారు. అన్నీ ఫంగస్ మందులే, ఘాటు ఎక్కువ.

"సరిగ్గానే వేస్తున్నారా అండీ?" అని నన్ను అడిగారు. వేస్తున్నానన్నాను. వేస్తూనే ఉన్నాను కదా. కంట్లో పడుతోందో లేదో కూడా చూసుకోవాలని ఆయన ఉద్దేశం కాబోలు.

"ఇలాగే ఉంటే గుడ్డు చిల్లు పడే ప్రమాదం ఉందండీ. అప్పుడు కన్ను ఉంచడం కష్టం" అన్నారు. దుర్గేష్ ఆ మాట విని, ఎంతసేపటికీ కుర్చీలోంచి లేవలేదు. ఏసుకుమార్ భుజం పట్టుకుని లేపాడు. నేను మందుల చీటీ తీసుకుని ముందు నడిచాను.


ఆగస్టు 20, బుధవారం

కొంచెం తగ్గినట్టే ఉంది. అత్తయ్య కూడా అన్నారు.


ఆగస్టు 21, గురువారం

లేదు. తగ్గలేదు. పొద్దున తలగడ గలీబు మీద పచ్చటి మరక ఉంది. చేత్తో ముట్టుకోలేక కర్రతో బకెట్లో వేశాను. గుమ్మంలో నిలబడి దుర్గేష్ అది చూశాడు, మంచి కన్నుతో. ఆ కర్ర పట్టుకున్న చేతి మీద నాకే రోత పుట్టింది, ఐనా కర్ర కింద పెట్టలేదు.


ఆగస్టు 22, శుక్రవారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి.

పదింటికి తాతారావు గారు పేపర్ ప్రింటింగ్‌కి పంపుతున్నానని చెప్పారు. మూడో ప్రశ్న అలాగే ఉంది. స్టాఫ్‌రూమ్‌లోనే పట్టుకున్నాను.

"ఇది తప్పండీ. తప్పని మీకూ తెలుసు" అన్నాను.

"తప్పయితే తప్పే లెండి. ఫంగస్ అన్నంత మాత్రాన ఎవరికొచ్చిన నష్టం ఏంటమ్మా? పిల్లలకి మార్కులొస్తాయి, మీకూ నాకూ గొడవుండదు. నన్నెందుకలా పిలిచారని పిథియం వచ్చి అడుగుద్దా?"

జువాలజీ వాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అడగదండీ, చావదు! నారుమడిలో నారు కుళ్ళిపోతుంటే ఫంగస్సే కదా అని కార్బెండజిమ్ కొడతారు. చావదు. ఫంగస్‌ని చంపే మందు ఫంగస్‌కి పనిచేస్తుంది, దీనికెందుకు పనిచేస్తుంది? దీని గోడ వేరు, పొర వేరు. ఆ మందు పట్టుకోవాల్సిన పదార్థమే దీని ఒంట్లో లేదు. పోనీ అప్పుడైనా మందు మారుస్తారా? మార్చరు. డోసు పెంచుతారు. పెంచుతున్నకొద్దీ..."

అక్కడ ఆగాను.

డోసు పెంచారు. మొన్న మంగళవారం పెంచారు.

"పెంచుతున్నకొద్దీ ఏమవుద్దమ్మా?" అన్నారు తాతారావు గారు. ఏం చెప్పానో గుర్తులేదు. బ్యాగ్ తీసుకుని బస్టాండుకి వెళ్ళిపోయాను. వెనక ఎవరో పిలిచారు.

గుర్రాల కాళ్ళకీ గేదెలకీ పుండ్లు పెట్టే పిథియం జాతి ఒకటుందని ఎమ్మెస్సీలో ఒకే ఒక్క వాక్యం చదివాను. నిలవ నీళ్ళలో ఉంటుంది. బస్సులో ఫోన్‌లో వెతికితే మనుషుల కళ్ళు వచ్చాయి. వరి చేలు, చెరువులు, వానాకాలం. చూడ్డానికి అచ్చం ఫంగస్. ఫంగస్ మందులకి లొంగదు. ఫొటోలు కూడా వచ్చాయి, వాటిని పక్కకి జరిపి అక్షరాలే చదివాను. నేను ఇంట్లో ఆ కంటి వంక ఒక్కసారి సరిగ్గా చూసి ఉన్నా నాకు గుర్తుపట్టే చదువు లేదు. కాని తగ్గడం లేదని మాత్రం తెలిసేది. ఆవగింజ చిక్కుడు గింజ అయిందని బాపిరాజు గారు చెప్పాల్సి వచ్చింది.

గుండుగొలను దగ్గర బస్సు ఆగితే ఏసుకుమార్‌కి ఫోన్ చేశాను, దుర్గేష్‌ని తీసుకుని ఏలూరు వచ్చేయమని.

సత్యానందం గారు ఓపీ మధ్యలో నన్ను లోపలికి పిలిచారు. పిథియం అన్నాను. కాసేపు పెన్ను మూత పెట్టి తీశారు. "ఈ పేరు కాన్ఫరెన్సులో విన్నానండీ. ఇక్కడ నేనైతే ఎప్పుడూ రాయలేదు. నా దగ్గరికి వచ్చి ఉన్నా ఫంగస్ అనే అనుకుని ఉంటాను" అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. అంత నిజం చెప్పే మనిషి మీద ఎలా వస్తుంది?

"సెల్యులోజ్ పరీక్ష చేద్దామండీ. అయోడిన్, సల్ఫ్యూరిక్ ఆసిడ్ చాలు. మా పిల్లలు కాండం ముక్కల మీద చేస్తారు. నీలం రంగు వస్తే ఫంగస్ కాదు" అన్నాను.

దుర్గేష్ రాగానే మళ్ళీ గీకారు. నేను మళ్ళీ బయటే ఉన్నాను. లాబ్‌లో శాలిని అనే అమ్మాయి స్లైడ్ తయారు చేసింది. నెమ్మదైన మనిషి. ముందు తను చూసి, "నాకు మొన్నటిలాగే ఉందండి మేడమ్. మీరు చూడండి" అని లేచి కుర్చీ ఇచ్చింది. దుర్గేష్ గుమ్మం పక్కన స్టూల్ మీద కళ్ళద్దాలతో కూర్చున్నాడు.

చూశాను. వెడల్పాటి పోగులు, రిబ్బన్లలా మడత పడుతూ, ఎక్కడో ఒక చోట తప్ప అడ్డుగోడల్లేవు. అయోడిన్ వేశాం, పసుపుగా అయ్యాయి. తర్వాత ఆసిడ్ చుక్క. అంచు నుంచి మొదలై, ఒక్కొక్క పోగూ నీలం తిరిగింది. ముదురు నీలం, కొత్త ఇంకులా. తెల్లటి వెలుగులో కొమ్మలు కొమ్మలుగా.

"అబ్బ, ఎంత బాగుందో" అన్నాను.

పైకే అన్నాను. శాలిని తల దించుకుంది. కళ్ళెత్తితే దుర్గేష్ నా వైపే చూస్తున్నాడు. నల్లద్దాల వెనక ఏముందో కనపడలేదు.

కారులో ఆయన ఏసుకుమార్‌తో "తిన్నగా ఇంటికి పోనీ" అన్నాడు. తాడేపల్లిగూడెం దాకా ఇంకో మాట లేదు.

నా మొగుడి కన్ను తింటున్నదాన్ని మెచ్చుకున్నాను. ఈ పన్నెండేళ్ళలో ఆయన ముందు నేను ఆ గొంతుతో దేన్నీ మెచ్చుకోలేదు, ఆయన్ని అసలే మెచ్చుకోలేదు. నన్ను చూస్తే నాకే డోకొస్తోంది. ఛీ.


ఆగస్టు 23, శనివారం

మందులు మారాయి. బాక్టీరియాకి వాడేవి. విజయవాడ పెద్దాసుపత్రికి సోమవారం రమ్మన్నారు, సత్యానందం గారే ఫోన్ చేసి మాట్లాడారు.

చుక్కలు దుర్గేష్ తనే వేసుకుంటున్నాడు. సగం చెంప మీద పడుతోంది. సీసా కోసం చెయ్యి చాపితే సీసా రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఏవండీ."

పలకలేదు.


ఆగస్టు 24, ఆదివారం

మాట్లాడలేదు.


ఆగస్టు 25, సోమవారం

విజయవాడ. ఇక్కడి డాక్టరమ్మ పిథియం పేరు వినగానే తల ఊపింది, ఏటా నాలుగైదు చూస్తుందట. మందు సరైనదే కాని ఆలస్యమైంది, లోతుకి దిగిపోయింది, నల్లగుడ్డు మీది పొర మార్చాలి అంది. మార్చినా మళ్ళీ అంచుల్లోంచి రావచ్చు. చూపు ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేను అంది. మార్చకపోతే కన్నే తీసేయాలి.

అత్తయ్య నన్ను వరండాలోకి లాక్కెళ్ళి "చచ్చినోళ్ళ కన్ను పెడతారంటగా అమ్మా?" అన్నారు. అవునండీ, పైపొర ఒక్కటే అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఎవరిదో ఏంటో. కులం గోత్రం అడగను గాని, రోగం లేని మనిషేనా?" పరీక్ష చేసే పెడతారండీ అన్నాను. నాకూ ఒళ్ళు జలదరించింది. ఎవరో మనిషి, మొన్నటిదాకా ఆ పొరలోంచి ఇల్లూ వాకిలీ చూసుకుని ఉంటాడు. అసహ్యపడ్డందుకు సిగ్గేసింది. సిగ్గేసినా అసహ్యం పోలేదు, రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

దుర్గేష్ కాగితాల మీద సంతకం పెట్టేశాడు. ఏ గడిలో పెట్టాలో డాక్టరమ్మని అడిగాడు, నన్ను అడగలేదు.


ఆగస్టు 27, బుధవారం

పండగ. వినాయకుణ్ణి పెట్టలేదు. పొర దొరికితే ఫోన్ చేస్తామన్నారు. అంటే ఎవరైనా పోవాలి. పండగ పూట అందుకోసం ఫోన్ ముందు కూర్చున్నాం.


సెప్టెంబర్ 2, మంగళవారం

ఆపరేషన్ అయింది. కట్టు కట్టారు. బాగానే జరిగిందన్నారు, అంతకు మించి ఏమీ అనలేదు.


సెప్టెంబర్ 3, బుధవారం

పొద్దున కట్టు విప్పి డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగిందట. వెలుతురు తెలుస్తోంది, వేళ్ళు లేవు అన్నాడట. ఇది అత్తయ్య చెప్పారు. నేను ఆ గదిలోకి వెళ్ళలేదు. బిల్లింగ్ దగ్గర ఉన్నాను. అక్కడ నాకు ఏ పనీ లేదు.


సెప్టెంబర్ 4, గురువారం

అక్క కూతురు పద్మప్రియ ఫోన్ చేసి "బాబాయికి కనిపిస్తోందా పిన్నీ?" అంది. డాక్టర్లు చెప్పాలమ్మా అన్నాను. నువ్వు చూశావా, ఎలా ఉంది అంది. సిగ్నల్ లేదని పెట్టేశాను.


సెప్టెంబర్ 6, శనివారం

నిన్న ఇంటికి వచ్చేశాం. వేళ్ళు ఇంకా కనిపించడం లేదు. ఎదురుగా ఎవరైనా నిలబడితే నీడలా తెలుస్తుందట. డాక్టరమ్మ ఇంకో వారం చూద్దామంది, ఆ చూద్దాం అన్న తీరు నాకు నచ్చలేదు.

పొద్దున అత్తయ్య గుడికి వెళ్ళారు. దుర్గేష్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చుక్కల సీసా మూత తీస్తున్నాడు. చేయి తప్పి సీసా కిందపడి మంచం కిందకి దొర్లింది. నేను వంగి తీశాను. ఇచ్చేద్దామని చెయ్యి చాపాను, ఆయన తీసుకోలేదు.

"ఇందూ."

ఇన్నాళ్ళకి అదే మొదటి మాట.

"చెప్పండి."

"ఆ రోజు ఆ గాజుపలక మీద దాన్ని చూశావు చూడూ."

సీసా కొంగుతో తుడిచాను.

"అలా చూడు నన్ను ఒకసారి."

"ఏవండీ, ఆ రోజు నేను..."

"తప్పు పట్టట్లేదే. చుక్కలు వేసినన్నాళ్ళూ నువ్వు నా కంటికేసి చూడలేదు. ఒక్క కన్నుతో కనపడదనుకున్నావా? నాకూ అసహ్యంగానే ఉంది. అద్దంలో నేనూ చూసుకోవట్లేదు. ఇంట్లో ఎవరో ఒకరు చూడాలి కదా."

కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పగటి వెలుతురు సరిగ్గా ముఖం మీద పడుతోంది. స్టూల్ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. లేచిపోదామనిపించింది. కూర్చున్నాను.

చూశాను. మధ్యలో కొత్త పొర, గుండ్రంగా, పొగమంచు పట్టిన గాజులా. చుట్టూ సన్నటి నల్ల దారంతో కుట్లు, చక్రం ఆకుల్లా బయటికి. కుట్ల మధ్య పొర ఉబ్బి ఉంది. తెల్లగుడ్డు అసలు తెల్లగా లేదు, పచ్చి మాంసంలా ఉంది, దాని నిండా నరాలు. లోపలి మూలలో పచ్చటి పుసి, కదులుతోంది, ఆయన రెప్ప వేస్తే సాగుతోంది. కింది రెప్ప మీద నిన్నటి మందు పొలుసులు కట్టింది. ఆ తియ్యటి వాసన లేదు. స్పిరిట్ వాసన, దాని కింద ఎప్పుడూ ఉండే చేపల వాసన. పిథియం ఎక్కడా కనపడలేదు. మామూలు కంటికి అది కనపడదు, దాని పనే కనపడుతుంది.

తడి దూదితో పుసి తీశాను. వేలికి అంటింది. తుడుచుకోవాలని చెయ్యి కొంగు దగ్గరికి వెళ్ళింది, ఆపుకున్నాను. పొలుసులు ఒక్కొక్కటే తీశాను. గుడ్డు మీదికి చూస్తూ చుక్క వేశాను, సరిగ్గా మధ్యలో పడింది.

"ఎలా ఉంది?" అన్నాడు.

తగ్గుతోందండీ అని నాలుక చివరి దాకా వచ్చింది. ఈ నెలంతా అందరం ఆయనతో అన్నది అదే.

"అసహ్యంగా ఉందండీ" అన్నాను.

ఆయన కదలలేదు. మందు చెంప మీదికి కారింది. ఏడుపొస్తోంది నాకు, ఇంకో అబద్ధం చెప్పి ఉండాల్సిందేమో అనుకున్నాను. అప్పుడు ఆయన అరచేత్తో మంచి కన్ను మూసుకున్నాడు. ఆ కుట్ల కన్ను ఒక్కటే నా ముందు మిగిలింది, రెప్పలాడిస్తూ, నీళ్ళు కారుస్తూ.

"దగ్గరికి రా" అన్నాడు.

జరిగాను.

"ఇంకా."

ఆయన ఊపిరి నా ముఖానికి తగిలేంత దగ్గరికి వెళ్ళాను. ఆ ఎర్రటిది, పచ్చటిది, కుట్లతో సహా, జానెడు దూరంలో ఉంది. వెనక్కి జరగలేదు. చాలాసేపు అది నా ముఖం మీద అటూ ఇటూ వెతికింది.

"ముక్కు చిట్లించావు కదూ?" అన్నాడు.

చిట్లించాను.